మేకపిల్ల తగువు

కారంపూడిలో ఆటో ఉన్న ప్రతివాడికీ ఐజాజ్ తెలుసు. బస్టాండు దాటి మాచర్ల రోడ్డులోకి తిరగ్గానే రేకుల షెడ్డు, ముందు రెగ్జిన్ చుట్టలు, లోపల పెద్ద కుట్టుమిషను, ఆ మిషను వెనక నోరు మూతపడని మనిషి. ఆటో టాపులు, సీటు కవర్లు, ట్రాక్టరు గొడుగులు కుడతాడు. పనిమంతుడే. కానీ జనం అక్కడ ఆగేది పని కోసం మాత్రమే కాదు. ముఖం వేలాడేసుకుని వచ్చినవాడు కూడా కాసేపు బెంచీ మీద కూర్చుంటే నవ్వుకుంటూ లేచేవాడు. లేచేవాడు అనే చెప్పాలి మరి, ఎందుకంటే ఇప్పుడు ఆ షెడ్డులో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఐజాజ్‌కి పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది. మనిషిని ఒక్క పూట చూస్తే చాలు, ఆ మనిషి నడక, దగ్గు, తువ్వాలు దులిపే తీరు, అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు గోక్కోవడం, అన్నీ అచ్చంగా దించేస్తాడు. బళ్ళో లెక్కల మాస్టారిని దించి వీపు వాచేలా తన్నులు తిన్నాడు. పెళ్ళయిన కొత్తలో మామగారిని దించితే భార్య షాహీన్ చాన్నాళ్ళు పలకలేదు. అయినా బుద్ధి రాలేదు. ఎదుటివాళ్ళ నవ్వు రుచి మరిగినవాడికి ఒక పట్టాన బుద్ధి రాదు లెండి.

అలాంటివాడు శివరామయ్య మాస్టారి కంట పడ్డాడు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోలేక వీధి నాటకాల బృందం ఒకటి పెట్టాడు. దోమల మీద, మరుగుదొడ్ల మీద, ఓటు మీద, ఏ శాఖవాళ్ళు ఏది అడిగితే దాని మీద ఊరూరా తిరిగి ఆడేవాళ్ళు. స్టేజీ లేదు, తెర లేదు. నాలుగు రోడ్ల మధ్య డప్పు కొడితే జనం గుండ్రంగా నిలబడతారు, ఆ గుండ్రమే రంగస్థలం. రాసిన డైలాగులు కూడా లేవు. మాట కాగితం మీద పెట్టడం మాస్టారికి గిట్టదు. ఇవ్వాళ కథ ఇదిరా, నువ్వు అల్లుడివి, నువ్వు అత్తవి, ఇక పదండి అనేవాడు. మిగతాదంతా అప్పటికప్పుడు నోటికొచ్చిందే.

దానికి ఆయన పెట్టిన నియమం మాత్రం ఒక్కటే.

"ఎదుటోడు ఏదిస్తే అది పుచ్చుకోండిరా. కాదనొద్దు. వాడు నిన్ను కోడిపుంజంటే నువ్వు కోడిపుంజువే. పుచ్చుకున్నదానికి ఇంకో పిసరు కలిపి మళ్ళా వాడికే ఇయ్యండి. అంతే, అదే నాటకం."

ఈ సంగతి ఒంటబట్టడానికి ఆదివారం పూట హైస్కూలు గ్రౌండులో ఒక ఆట ఆడించేవాడు. ఇంటికి స్లాబు వేసే రోజున కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకుంటారు చూడండి, అలా బృందమంతా వరసగా నిలబడాలి. చేతిలో తట్ట ఉండదు, ఉన్నట్టు అందించాలి. మొదటివాడి చేతిలో ఎంత బరువుందో చివరివాడి చేతిలోనూ అంతే బరువు కనపడాలి. ఐజాజ్ దగ్గరికి వచ్చేసరికి ఆ తట్ట ఏనాడూ సజావుగా దాటేది కాదు. వేలు నలిగిందని గెంతేవాడు, కాలు మీద పడేసుకుని కుయ్యోమనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మాస్టారు కూడా నవ్వేవాడు, నవ్వి అనేవాడు.

"నవ్వొచ్చింది సరేరా. స్లాబు ఆగిపోయింది గదా."

ఐజాజ్ పక్కన ఎప్పుడూ బసవపున్నయ్య నిలబడేవాడు. మిరపా పత్తీ వేసే రైతు, నిదానస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. ఐజాజ్ పారేసిన తట్ట కోసం కిందికి వంగి, ఒలికిపోయిన కాంక్రీటును అరచేతులతో ఓపిగ్గా తట్టలోకి ఎత్తి, చేతులు పంచెకు తుడుచుకుని, పక్కవాళ్ళకు అందించేవాడు. ఆ ఎత్తడంలో ఎవరికీ నవ్వు వచ్చేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఒకసారి వెల్దుర్తి పక్క ఒక పల్లెలో దోమల నాటకం ఆడుతున్నారు. ఐజాజ్ జ్వరం వచ్చినవాడు, బసవపున్నయ్య వాడి అన్న. మధ్యలో ఊరకుక్క ఒకటి గుండ్రంలోకి వచ్చి నిలబడింది. జనం దాన్ని అదిలిస్తున్నారు, ఆట చెడిపోయేలా ఉంది. బసవపున్నయ్య చేతులు జోడించి ఆ కుక్కకు వంగి దండం పెట్టి, "లెగవరా తమ్ముడూ, డాక్టరుగారొచ్చారు" అన్నాడు. ఐజాజ్ లేచి కూర్చుని కుక్కకు నాడి చూపించాడు, నాలుక చూపించాడు, ఇంజెక్షను మాత్రం వద్దు సార్ అని బతిమాలాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వలేక కూలబడ్డారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఐజాజ్ కుక్కకు నాడి చూపించిన ముచ్చట బజారంతా చెప్పుకున్నారు. డాక్టరుగారొచ్చారు అన్న మాట ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. ఐజాజ్‌కీ గుర్తులేదు. అదంతా తన గొప్పేననుకున్నాడు.

బసవపున్నయ్య నాన్న నరసింహారావుగారు. ఒకప్పుడు సర్పంచిగా నిలబడి ఓడిపోయాడు. ఓడినా పెద్దరికం పోలేదని ఆయన నమ్మకం. తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఎవరైనా తగువు తెస్తే తీరుస్తానని. ఈ రోజుల్లో తగువులన్నీ పోలీసుస్టేషనుకీ పార్టీ ఆఫీసుకీ పోతున్నాయి గానీ ఓడిపోయిన పెద్దమనిషి వసారాకు ఎవడు వస్తాడు? వచ్చేపోయే ఆటోలు చూస్తూ ఎదురుచూసి ఎదురుచూసి, ఎండెక్కాక కుర్చీ ఎత్తించేవాడు. అన్నం సరిగా తినేవాడు కాదు.

అది చూడలేక బసవపున్నయ్య ఒక పని చేశాడు. వీధిలో వాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి బతిమాలాడు. "మా నాయన దగ్గరికి ఉత్తుత్తి తగువేదన్నా పట్టకపోండి. ఆయన చెప్పింది విని తలూపి రాండి, చాలు." మొదట ఇద్దరు వెళ్ళారు. తర్వాత అలవాటైపోయింది. కాలవ నీళ్ళ వంతని ఒకరు, గోడ మీద పిడకలు కొట్టారని ఒకరు. వీధి వీధంతా కలిసి ఆడిన నాటకం అది. దానికి చూసేవాడు ఒక్కడే, అది నాటకమని తెలియనివాడూ ఆయన ఒక్కడే.

ఐజాజ్ కూడా వెళ్ళాడు. బృందంలో ఆడపాత్రలు వేసే అమ్మాయి ప్రసన్న, అతనూ కలిసి వెళ్ళారు. ప్రసన్నవాళ్ళ మేకపిల్ల ఐజాజ్ షెడ్డులో జొరబడి రెగ్జిన్ నమిలేసిందని తగువు. పెద్దాయన మధ్యాహ్నం దాకా విచారణ చేశాడు. మేకపిల్లను పిలిపించి పళ్ళు చూశాడు. రెండు దగ్గులు దగ్గి, తువ్వాలు తట్టి తీర్పు చెప్పాడు. "ఏమ్మా, నువ్వు మేకను కట్టేసుకో. ఏరా అబ్బాయ్, నువ్వు రెగ్జిన్ పైకి ఎత్తి పెట్టుకో. మేకకు గడ్డేదో రెగ్జినేదో తెలవదు, మీకు తెలవొద్దా?" ఐజాజ్ నవ్వాపుకోలేక తలొంచుకుంటే, సిగ్గుపడ్డాడనుకుని పెద్దాయన భుజం తట్టాడు. ఆ పూట ఆయన మళ్ళీ మారు వడ్డించుకు తిన్నాడట. సాయంత్రం బసవపున్నయ్య షెడ్డుకు వచ్చి, ఐజాజ్ చెయ్యి పట్టుకుని వదిలి వెళ్ళాడు.

తర్వాత ఒక ఆదివారం మాస్టారు, ఎవరింటి సంగతి వాళ్ళు తెచ్చి ఆడి చూపించండి అన్నాడు. ఎప్పుడూ ముందుకు రాని బసవపున్నయ్య ఆరోజు తండ్రి అయ్యాడు. ఆ దగ్గు, ఆ తువ్వాలు తట్టడం, ఎవరూ రాని పొద్దుల్లో గేటు వైపు చూసే చూపు. నవ్వుతూ నవ్వుతూనే అందరి కళ్ళూ తడిశాయి. అయిపోయాక మాస్టారు గొంతు సవరించుకుని, "ఇది బసవడి సొమ్మురా. ఈ గ్రౌండులోనే ఉండాలి. వాడు ఇయ్యందే ఎవరూ బయటికి తీసుకపోకూడదు" అన్నాడు. అందరూ సరేనన్నారు. ఐజాజే అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. పల్నాడులో ఎన్నికలంటే చెప్పేదేముంది, మనుషుల రంగులు మారిపోతాయి. ఒక పార్టీ కుర్రనాయకుడు చైతన్య వచ్చి, ప్రచారం బండి మీద నువ్వు కామెడీ చెయ్యాలన్నా అని ఐజాజ్‌ని అడిగాడు. ఫ్లెక్సీ మీద ఐజాజ్ ఫొటో, చేతికి మైకు. ఐజాజ్ ఉబ్బిపోయాడు. బసవపున్నయ్యనూ రమ్మన్నాడు. వాళ్ళది అవతలి పార్టీ.

"నాయన బతికుండగా నేను ఆ బండెక్కలేన్రా" అన్నాడు బసవపున్నయ్య. "నువ్వెక్కు. నీ పని నీది. నేనేమీ అనుకోను."

మాస్టారు మాత్రం అడిగాడు. "ఒక్కడివే ఎక్కి ఎవరికిస్తావురా? ఎవరి దగ్గర పుచ్చుకుంటావు?"

ఆ మాట ఐజాజ్ చెవికెక్కలేదు. మొదటి ఊళ్ళోనే అది నిజమైంది. బండి మీద నిలబడి మైకు పట్టుకుని అవతలి నాయకుణ్ణి దించాడు. జనం చూస్తున్నారు గానీ నవ్వడం లేదు. ఒక మాట అని, అలవాటు ప్రకారం పక్కకు తిరిగాడు. పక్కన స్పీకరు పెట్టె ఉంది. రెండో ఊళ్ళోనూ అంతే. నవ్వించే మాట తన నోట్లో ఉన్నా, దాన్ని లాగే మాట ఎప్పుడూ బసవపున్నయ్య నోట్లోనే ఉండేదని అప్పుడైనా తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు. ఎండ దెబ్బనుకున్నాడు.

సాయంత్రం బండి కారంపూడి సెంటరుకు వచ్చింది. సొంత ఊరు. తెలిసిన ముఖాలు. మొదలుపెట్టిన కాసేపటికే వెనక వరసలు కదిలిపోతున్నాయి. చైతన్య కింద నుంచి చెయ్యి ఊపుతున్నాడు, ఏదో ఒకటి చెయ్యన్నా అని. ఐజాజ్ మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. చేతికి ఏది దొరికితే అది అందుకోవాలనిపించింది. దొరికింది.

రెండు దగ్గులు దగ్గాడు. లేని తువ్వాలు భుజం మీద తట్టుకున్నాడు. లేని గేటు వైపు చూశాడు.

వెళ్ళేవాళ్ళు ఆగారు. మొదటి నవ్వు ఎక్కడో టీకొట్టు దగ్గర పుట్టింది. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. మేకపిల్ల వచ్చింది, పళ్ళ పరీక్ష జరిగింది, తీర్పు వచ్చింది. సెంటరంతా ఊగిపోతోంది. అక్కడితో ఆపినా కొంత మిగిలేదేమో. నవ్వు మీద నవ్వు కావాలి గదా మనవాడికి. తగువు తెచ్చినవాడు గేటు దాటి బయటికి వచ్చినట్టు నడిచి, కన్ను గీటి, "ఏరా, ముసలాయన నమ్మాడా? నమ్మాడ్రా! రేపు నువ్వెళ్ళు, గేదె తగువు పట్టకపో, వాళ్ళబ్బాయి ఆర్డరు!" అన్నాడు.

బండి పైనుంచి చూస్తే ఎన్నో నోళ్ళు తెరుచుకుని నవ్వుతున్నాయి. వాటి మధ్య తమ వీధివాళ్ళ ముఖాలు కొన్ని నవ్వకుండా ఉన్నాయి. ఆ ముఖాలను ఐజాజ్ చూశాడు. చూసి కూడా ఇంకోసారి దగ్గాడు.

పెద్దాయన ఆ సాయంత్రం సెంటరుకు రాలేదు. రావాల్సిన పని లేదు, వీడియో ఇంటికే వెళ్ళింది. ఎవడో ఫోనులో తీశాడు, ఎవడో గ్రూపులో పెట్టాడు, ఎవడో ఆయన చేతికే ఇచ్చి చూడండి పెద్దాయనా మీలాగే ఉన్నాడు అన్నాడు. తర్వాత జరిగింది ప్రసన్న వచ్చి చెప్పింది. ఆయన వీడియో మొత్తం చూశాడు. తనను వెక్కిరించినందుకు ఒక్క మాట అనలేదు. కొడుకును పిలిచి, "మేకపిల్ల కూడా నువ్వు పంపిచ్చిందేనా?" అని మాత్రం అడిగాడు. మర్నాడు పొద్దున వసారాలో కుర్చీ లేదు.

"ఎంత మందిమి కలిసి మోశాం ఐజాజన్నా" అంది ప్రసన్న. "నువ్వొక్కడివే కింద పడేశావు." కోపంగా అనలేదు. ఏడుపు గొంతుతో అంది. ఐజాజ్ ఆరోజు ఒక సీటు కవరు తిరగేసి కుట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ తిరగేసే కుట్టాడు.

బసవపున్నయ్య కొట్లాటకు వస్తాడని ఎదురుచూశాడు. వచ్చి చొక్కా పట్టుకుంటే బాగుండుననుకున్నాడు. రాలేదు. ఆదివారాలు గ్రౌండుకూ రాలేదు. మాస్టారు కొన్నాళ్ళు మిగిలినవాళ్ళతో నెట్టుకొచ్చాడు. తట్టల ఆటలో తట్ట పడిపోతే అందరూ దాని చుట్టూ నిలబడి చూస్తుండేవాళ్ళు. తర్వాత ఆయనకూ ఓపిక పోయింది. బృందం లేదు.

అన్నిటికంటే పెద్ద శిక్ష షెడ్డుకు వచ్చేవాళ్ళు వేసేవాళ్ళు. "అన్నా, ఆ పెద్దాయన్ది ఒకసారి చెయ్యవా?" అని అడిగేవాళ్ళు. ఐజాజ్ పెడల్ తొక్కేవాడు. అడిగినవాళ్ళు విసుక్కుని లేచిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు, ఆగడం కూడా మానేశారు.

"మిషనుతో ఎంతకాలం మాట్లాడతావు?" అంది షాహీన్ ఒకరోజు అన్నం పెడుతూ. "పోయి ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకోరాదూ."

"ఏం ముఖం పెట్టుకుని పోను?"

"ఊళ్ళో అందరి ముఖాలూ పెట్టుకోటం వచ్చు గదా నీకు. ఈసారి నీది పెట్టుకపో."

ఆ మాట విన్నాక కూడా వానలు వెళ్ళేదాకా జరిపాడు. ఈ జరపడమే ఇప్పటికీ అతన్ని తినేస్తుంది. వెంటనే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు?

ఒక పొద్దున వెళ్ళాడు. వసారా ఖాళీగా ఉంది. కుర్చీ ఉన్నచోట గచ్చు మీద దాని నాలుగు కాళ్ళ గీతలు మిగిలాయి. పెద్దాయన లోపల హాల్లో, ఆపేసిన టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. బనీను, లుంగీ. గడ్డం మాసింది.

"ఎవరూ?"

"నేను పెదనాన్నా. ఐజాజ్‌ని."

పెద్దాయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. వెళ్ళిపొమ్మనలేదు కాబట్టి ఐజాజ్ గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు.

"ఏంది, తగువా?" అన్నాడు పెద్దాయన చివరికి. ఆ గొంతులో ఎగతాళి ఎవరి మీదో తెలియలేదు. "మావాడు పంపిచ్చాడా?"

"లేదు పెదనాన్నా. ఎవరూ పంపలా. తగువే. నిజం తగువు."

పెద్దాయన తల తిప్పి చూశాడు. వీపు కాస్త నిటారైంది. "చెప్పు."

క్షమించమని కాళ్ళు పట్టుకుందామని వచ్చిన ఐజాజ్‌కు ఆ చూపు చూశాక వేరే మాటలు వచ్చాయి. "నాకొక జతగాడున్నాడు పెదనాన్నా. నేనేం పారేసినా ఎత్తి ఇచ్చేవాడు. నా నవ్వంతా వాడిచ్చిందే, అప్పుడు తెలవలా. వాడు నన్ను నమ్మి ఒకటి ఇస్తే, వాణ్ణి అడక్కుండా బజార్లో పెట్టా. తప్పు నాదే, నాది కాదని అనను. వాడికి నేనేం కట్టాలో మీరే చెప్పాల."

పెద్దాయన చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. అక్కడ తువ్వాలు లేదు. అయినా ఒకసారి తట్టుకున్నాడు. చిన్నగా దగ్గాడు.

"ఒక పక్క విని చెప్పటం నాకు అలవాటు లేదు" అన్నాడు. "రెండో మనిషిని పిలవాల." గొంతు పెంచి పెరటి వైపు కేకేశాడు. ఎన్ని నెలల తర్వాతో ఆ ఇంట్లో ఆ గొంతు లేచింది. "ఒరేయ్ బసవా! ఇటురా!"

బసవపున్నయ్య వచ్చాడు. మోచేతుల దాకా మిరపనారు మట్టి. తండ్రి నిటారుగా కూర్చోవడం ముందు చూశాడు. తర్వాత ఐజాజ్‌ని చూశాడు.

ఐజాజ్ లేచి నిలబడ్డాడు. "చెప్పు బసవా. మనిద్దరి తగువేందో పెదనాన్నకు చెప్పు" అన్నాడు. అని ఎదురుచూశాడు. ఇన్నేళ్ళుగా ఏ మాట అని వదిలినా ఆ మనిషి కిందపడనివ్వలేదు. ఊరకుక్కనైనా డాక్టరును చేశాడు. ఆ ముఖంలో, మాట అందుకునే ముందు కనపడే చిన్న కదలిక ఐజాజ్‌కు బాగా తెలుసు. అది కనపడింది. కనపడి ఆగిపోయింది.

"మాకు తగువేం లేదు నాయనా" అన్నాడు బసవపున్నయ్య. "ఆయన పొరపాటున వచ్చాడు."

పెద్దాయన భుజం మీది చెయ్యి ఒళ్ళోకి జారింది. కొడుకు వైపు చూసి, ఐజాజ్ వైపు చూసి, నెమ్మదిగా తలూపాడు.

"అంటే ఇదీ ఉత్తదేనన్నమాట" అన్నాడు. టీవీ వైపు తిరిగిపోయాడు.

తను అన్న మాట ఏం చేసిందో బసవపున్నయ్యకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచాడు. ఐజాజ్ వైపు చూశాడు, ఏదైనా ఒకటి అనవా అన్నట్టు. అన్నేళ్ళలో అతను ఐజాజ్‌ని అడగడం అదే మొదటిసారి. ఐజాజ్‌కు ఒక్క మాటా తోచలేదు. ఇద్దరూ చెరో గుమ్మంలో నిలబడ్డారు. పెద్దాయన వీపు వాళ్ళ మధ్య అలాగే ఉంది.